ఉప్పు మానిన మూడు రోజులు

ధారాపానీ, ఓఖల్‌ఢుంగా
విక్రమ సంవత్ 2060, జేఠ్ 9

కాన్ఛా,

నూరేళ్ళు వర్ధిల్లు. నువ్వు ఉపరథివి అయ్యావని, పడమటి జిల్లాల సైన్యమంతా ఇక నీ చేతి కిందేనని రేడియోలో చెప్పారు. మీ బావగారు బడి నుంచి వచ్చేసరికి నేను వాకిట్లో నిలబడి ఇరుగుపొరుగుకి చెబుతున్నాను, "ఆ జనరల్‌గారికి ముక్కు తుడుచుకోవడం నేర్పింది నేనే" అని. ఆయన చెప్పులు విప్పుతూ, "ఆ ముక్క రేడియోలో రాలేదే!" అన్నారు. దేశానికి నువ్వు ఏమైనా అయి ఉండవచ్చు. నలుగురిలో ఆఖరివాడివి, అమ్మ పోయాక నా వీపు మీద పెరిగినవాడివి, నాకు కాన్ఛావే. ఆ నలుగురిలోనూ ఇద్దరు పోయారు. మిగిలింది నువ్వూ నేనూ.

కాల్పులు ఆపారు కదా, ఆ ధైర్యంతో మా నిశ్చల్ ఇంటికి వచ్చాడు. కాలేజీ మానేసి అడవిలో వాళ్ళతో కలిశాక ఇదే మొదటిసారి. భుజాన తుపాకీ. మీ బావగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నువ్వు లోపలికి రా, అది రాదు" అన్నారు. వాడు ఎదురు చెప్పలేదు. పశువుల కొట్టంలో గడ్డి కింద పెట్టి వచ్చాడు. గేదె ఆ పూట చుక్క పాలివ్వలేదు.

వాడు తింటున్నంతసేపూ నేను వాడి కాళ్ళే చూశాను. మడమలు పగిలి నెత్తురు ఎండిపోయి ఉంది. మేనల్లుడు దేవుడితో సమానమని ప్రతి దశైం పండక్కీ మేనమామవి నువ్వు వంగి తల ఆనించే కాళ్ళు. వాడు పుట్టిన ఏడు నువ్వు కొత్త కెప్టెన్‌వి. యూనిఫాంలో వచ్చి, టోపీ తీసి, ఆ బొడ్డూడని గుడ్డు పాదాలకు దండం పెడితే వాడు నీ ముక్కు మీద తన్నాడు. "సైన్యంలో చేరాక తగిలిన మొదటి దెబ్బ ఇదే దిదీ" అన్నావు.

మళ్ళీ యుద్ధం మొదలైతే వాణ్ణి పడమటికి పంపుతారట. నోరు జారి చెప్పాడు. ఇది నీకు రాయవచ్చో కూడదో నాకు తెలియదు. తల్లిని, రాశాను. వాడు నీవాళ్ళ చేతికి చిక్కితే నీ దాకా రానియ్యి. అంతే నేను అడిగేది.

జవాబు ఎప్పటిలాగే బజారులో బట్టల కొట్టు రత్నమాన్ పేర పంపు. కవరు మీద నీ హోదా రాయకు. ఇక్కడ వాళ్ళు విప్పుతారు, అక్కడ మీవాళ్ళు విప్పుతారు. మధ్యలో నా అక్షరాలు నలిగిపోతున్నాయి.

నీ దిదీ,
మైనా


శిబిరం నుంచి
2060, జేఠ్ 28

దిదీ,

దండాలు. ఊరి పేరు రాయడం లేదు, కోప్పడకు. ఇక్కడ ఎండ చూస్తే మన కొండలవాళ్ళు ఎందుకు దిగి వచ్చారా అనిపిస్తుంది. మామిడిపళ్ళు మాత్రం బాగున్నాయి. అంబిక కాఠ్మాండూ ఇంట్లోనే ఉంది, ఇక్కడి దోమలకు జనరల్ భార్య అన్న మర్యాద తెలియదని. మోకాలు నొప్పి అలాగే ఉంది. కొత్త బిళ్ళలు భుజాన పెట్టుకున్న రోజున నొప్పి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

నీ ఉత్తరం చదివి చించి కాల్చేశాను. నిశ్చల్ మీద నాకు కోపం లేదనను. నా సిపాయిల శవాలు మోయించిన చేతులతోనే ఈ జవాబు రాస్తున్నాను. అయినా వాడు నా భాంజా, నా మేనల్లుడు. దేవుడి తర్వాత నేను తల వంచేది ఆ పాదాలకే. వీలైతే ఇప్పుడే వెనక్కి వచ్చేయమను. నేనే స్వయంగా వెళ్ళి తెచ్చుకుంటాను.

వాడు వినకపోతే ఒక్క మాట చెప్పు. ఎక్కడ ఎవరి చేతికి చిక్కినా, "ఇంద్రధ్వజ్ కార్కీ నా మేనమామ" అని చెప్పమను. ఆ పేరు విన్నాక పడమట ఏ సిపాయీ వాడి మీద చెయ్యెత్తడు. ఇది తమ్ముడి మాట కాదు, సేనాధిపతి మాట.

బావగారికి నమస్కారాలు. ఆయన రేడియో ముక్క చదివి చాలాకాలానికి నవ్వాను.

నీ
కాన్ఛా


ధారాపానీ
2060, భదౌ 21

కాన్ఛా,

అయిపోయింది. మళ్ళీ యుద్ధం మొదలైందని రేడియోలో చెప్పిన మర్నాడే నిశ్చల్ వెళ్ళిపోయాడు. కొట్టంలో గడ్డి ఎత్తి తుపాకీ తీస్తుంటే నేను గుమ్మం పట్టుకు నిలబడ్డాను. నీ మాట చెప్పాను. ఎంత నవ్వాడనుకున్నావు!

"అమ్మా, జనరల్ పేరు చెప్పి బతికితే నా స్నేహితులు నా మొహం చూస్తారా?"

"నువ్వు చస్తే నేను ఎవరి మొహం చూడాలిరా?"

"చావు మాట ఎందుకిప్పుడు?"

"మాటివ్వు. నీ కోసం కాదు, నా కోసం చెప్పు. ఒక్కసారి చెప్పు."

తుపాకీ కింద పెట్టాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు. పిల్లలు తల్లి తల మీద చెయ్యి పెట్టడం ఎక్కడైనా ఉందా? "సరే. ఒక్కసారి చెబుతాను. రెండోసారి అడిగితే చెప్పను" అన్నాడు. నాకు ఆ ఒక్కసారి చాలు. నీకూ చాలుననుకుంటాను.

ఈ ఏడు వానలు ఎక్కువ. కోదో చేను జారిపోయింది. మీ బావగారి బడిలో సగం మంది పిల్లలు లేరు, ఎవరు ఎటు పోయారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. దశైంకి నువ్వు రాలేవని తెలుసు. నీ పేరున కూడా తలలో పెట్టుకునే జమరా మొలకెత్తిస్తాను.

దిదీ


కాఠ్మాండూ
2060, అసోజ్ 14

దిదీ,

సమావేశాల కోసం రాజధానికి వచ్చాను. ఉత్తరం పొడుగ్గా రాయలేను.

ఈ దశైంకి నేను నుదుట టీకా పెట్టుకోవడం లేదు. జమరా పంపకు. నా సిపాయిలు చాలామంది పోయారు, వాళ్ళ కోసం మానుకున్నాను. ఇంకే కారణమూ లేదు.

నిశ్చల్ సంగతి నాకు తెలిసింది. ఇక వాడి కోసం నువ్వు దారి చూస్తూ కూర్చోవద్దు. తిండి మానకు. ఈ విషయం ఎవరితోనూ అనకు.

కాన్ఛా


ధారాపానీ
2060, కార్తిక్ 1

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం దశమి దాటాక అందింది. మొదటి సారి చదివితే ఏమీ అర్థం కాలేదు. మీ బావగారు చదివి, కళ్ళద్దాలు తీసి, "పిచ్చిదానా, దొరికాడు. వాళ్ళ మామ దగ్గరే ఉన్నాడు. పైకి రాయలేడు కనక ఇలా రాశాడు" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళుగా దాచుకున్న ఏడుపో, గేదెకి కుడితి పెడుతూ కూడా ఏడ్చాను.

చెప్పాడన్నమాట నీ పేరు! నా మాట నిలబెట్టాడు. నువ్వు నీ మాట నిలబెట్టావు. ఇంతకంటే నాకేం కావాలి. జైల్లో పెట్టినా సరే, పదేళ్ళు పెట్టినా సరే. బతికుంటే చాలు, ఏదో ఒకనాడు గడ్డం నెరిసినా ఇంటికి వస్తాడు.

రత్నమాన్ చేత ఒక మూట పంపుతున్నాను. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, మడమల దగ్గర ఒత్తుగా అల్లాను. ఎండబెట్టిన గుంద్రుక్ ఆకుకూర. వాడికోసం విడిగా కట్టిన జమరా. నువ్వు టీకా మానుకున్నావు సరే, వాడికి మాత్రం పెట్టు. మామ చేతి టీకా లేకుండా వాడికి దశైం ఎప్పుడూ గడవలేదు. జైలయితేనేం, గది తలుపు మూసి ఒక్క నిమిషం వాడి పాదాలకు తల వంచు. చూసేవాళ్ళు ఎవరూ ఉండరు.

తమ్ముడికి అక్క బొట్టు పెట్టే భాయి టీకా నాటికి రా. కుదరకపోతే గుమ్మంలో అక్రోటు పగలగొట్టి నీ పేరున నూనె గీత గీస్తాను. యముడికి నీ జోలికి రావద్దని నేను గట్టిగానే చెబుతాను.

నీ రుణం తీర్చుకోలేని
దిదీ


కాఠ్మాండూ
2060, కార్తిక్ 20

దిదీ,

మూట అందింది. భాయి టీకాకి రాలేకపోయాను, పనులు.

నువ్వు చెప్పినట్టే వాడికి టీకా పెట్టాను. పాదాలకు దండం పెట్టాను. మేజోళ్ళు సరిపోయాయి. నువ్వు నెమ్మదిగా ఉండు. ఉత్తరాలు రాయనివ్వరు కనక, వాడి నుంచి ఉత్తరం కోసం ఎదురుచూడకు. చూడటానికి రావాలని అసలు ప్రయత్నించకు. రోడ్లు బాగాలేవు.

చలి మొదలైంది. బావగారి దగ్గుకి మందు పంపుతున్నాను.

కాన్ఛా


ధారాపానీ
2060, మాఘ్ 4

కాన్ఛా,

తప్పు నాదే. నువ్వు ఎవరితోనూ అనవద్దన్నావు. పక్కింటి ఠూలీ కొడుకు పోయాడని కబురు వస్తే ఓదార్చడానికి వెళ్ళి, "మావాడు వాళ్ళ మామ దగ్గర క్షేమంగా ఉన్నాడమ్మా, ఆ మాత్రం అదృష్టం దేవుడు నీకూ ఇవ్వాల్సింది" అన్నాను. ఓదార్పులో కూడా నా సంతోషమే ఒలికింది. ఠూలీ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

వారం తిరక్కుండా అడవిలో వాళ్ళు వచ్చారు. ఈ ప్రాంతానికి ఇప్పుడు సాధన అనే పిల్ల పెద్ద. ఇరవై ఏళ్ళుంటాయేమో, నిశ్చల్‌తో కలిసి చదివింది, మా ఇంట్లో అన్నం తింది. బడి మైదానంలో ఊరందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "నిశ్చల్ బస్నెత్ ద్రోహి. జనరల్ మామకి లొంగిపోయి సుఖంగా బతుకుతున్నాడు. వాడి పేరు మా అమరుల్లోనూ ఉండదు, మా మనుషుల్లోనూ ఉండదు." మీ బావగారు లేచి, "వాడు లొంగిపోలేదమ్మా, పట్టుబడ్డాడు" అన్నారు. "పట్టుబడ్డవాళ్ళకి మామలు టీకాలు పెట్టరు మాస్టారూ" అంది. ఆ సంగతీ నేనే వాగి ఉంటాను.

ఇప్పుడు ఊళ్ళో ఎవరూ మాతో మాట్లాడరు. ధార దగ్గర నా బిందె చూస్తే ఆడవాళ్ళు తప్పుకుంటారు. నాకు వాళ్ళ మాట అక్కరలేదు, కానీ వాడు ద్రోహి కాదు. వాడి చేత్తో రాసిన ముక్క ఒక్కటి పంపించు. "నేను ఎవరి పేరూ బయటపెట్టలేదు" అన్న మాట చాలు. నువ్వు జనరల్‌వి, నీకది ఎంత పని!

దిదీ


శిబిరం నుంచి
2060, మాఘ్ 27

దిదీ,

నువ్వు అడిగింది కుదరదు. వాడిప్పుడు నా అధికారంలో లేడు. వేరేచోటికి మార్చారు.

వచ్చే నెల నాకు రథి పదవి ఇస్తున్నారు. ఆ తర్వాత పైన మిగిలేది ఒక్క మెట్టే. ఈ సమయంలో నా పేరూ వాడి పేరూ కలిపి ఎక్కడా అనవద్దని బతిమాలుకుంటున్నాను. ఊళ్ళో ఇబ్బందిగా ఉంటే బావగారూ నువ్వూ కాఠ్మాండూ వచ్చి మా ఇంట్లో ఉండండి.

కాన్ఛా


కాఠ్మాండూ, నీ ఇల్లు
2060, ఫాగున్ 19

కాన్ఛా,

నీ బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. జిరీ దాకా నడిచి బస్సెక్కాను. రోడ్లు బాగాలేవన్నావు, నిజమే. బస్సు దింపి మీవాళ్ళు వెతికారు, ఎక్కించి వాళ్ళవాళ్ళు వెతికారు. నువ్వు ఊళ్ళో ఉంటావనుకుని వచ్చాను. రథి పదవి తీసుకుని మళ్ళీ పడమటికి వెళ్ళావట.

అంబిక నన్ను బాగానే చూసింది. పెద్దింటి పిల్ల, మాటలు ఎక్కువైనా మనసు మంచిది. వేడి నీళ్ళతో నా కాళ్ళు కడిగింది. కూరలో ఉప్పు చాలిందా అని అడుగుతూ నవ్వి, "మీ తమ్ముడికి వండటం కష్టం దిదీ. దశైం ముందు మూడు రోజులు ఉప్పే ముట్టలేదు" అంది.

"ఎందుకమ్మా?"

"ఏమో. సమావేశం నుంచి వచ్చి తిన్నగా పెరట్లో కుళాయి కింద బట్టలతోనే కూర్చున్నారు. వంటవాణ్ణి పొమ్మన్నారు. తనే ఒక్క పూట అన్నం వండుకుని ఆకులో తిన్నారు, ఉప్పు లేకుండా. కింద చాప మీద పడుకున్నారు. నన్ను తాకనివ్వలేదు. అడిగితే పదవి కోసం మొక్కు అన్నారు. మొక్కు ఫలించింది కదా మరి."

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి లేచాను.

నాకు సిపాయిల కోసమన్నావు. పెళ్ళానికి పదవి కోసమన్నావు. కాన్ఛా, సిపాయిల కోసం ఎవరైనా ఉప్పు మానతారా? అలా అయితే ఈ దేశంలో ఏ ఆఫీసరూ మూడేళ్ళుగా ఉప్పు తిని ఉండకూడదు. పదవి మొక్కుకి ఎవరైనా తడిబట్టలతో కూర్చుంటారా? అంబిక వైపు ఎవరైనా పోతే అంబికా మానాలి. మన వైపు ఎవరైనా పోతే నాకు కబురు రావాలి. మనవైపు మిగిలింది నేను. నేను బతికే ఉన్నాను. మామ మూడు రోజులు ఉప్పు మానేది ఎవరు పోతేనో అమ్మ నాకు నేర్పింది, నేను నీకు నేర్పాను.

నువ్వు అబద్ధాలు చాలా రాశావు. మేజోళ్ళు సరిపోయాయని కూడా రాశావు. కానీ ఉప్పు దగ్గర నీ చెయ్యి ఆగింది. ఆగినందుకు నిన్ను మెచ్చుకోవాలో, మొహాన ఉమ్మెయ్యాలో తెలియడం లేదు.

నేనింకా వినలేదు. ఊహించడం వినడం కాదు, పురోహితుణ్ణి అడిగాను. విన్న రోజు నుంచే తల్లికి మైల. నువ్వు నాకు చెప్పి తీరాలి. నా కొడుకు ఉన్నాడా లేడా? ఉంటే వాణ్ణి చూపించు. లేకపోతే ఆ మాట నీ చేత్తో రాయి. నేను రేపు ఊరికి పోతున్నాను. అక్కడికే రాయి.

మైనా


శిబిరం నుంచి
2060, చైత్ 6

దిదీ,

నిశ్చల్ లేడు.

కాఠ్మాండూలో సమావేశం జరుగుతోంది. నాకు పదవి ఇవ్వాలా వద్దా అని తేల్చే పెద్దలు ఆ గదిలో ఉన్నారు. ఫోను వచ్చింది. పడమటి నుంచి నా కింది మేజరు. "సర్, అడవిలో ఒకణ్ణి పట్టుకున్నాం. తమరి మేనల్లుణ్ణి అంటున్నాడు. నిజమేనా సర్?" అన్నాడు. వాడి గొంతు గదంతా వినిపించింది, మాటలు ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు. "నాకలాంటి మేనల్లుడెవడూ లేడు" అన్నాను.

గది ఖాళీ కాగానే ఫోను చేసి సరిచేద్దామనుకున్నాను. ఇది సాకు కాదు, నిజంగానే అనుకున్నాను. టీ తాగారు, పటాలు చూశారు, నన్ను అభినందించారు. తర్వాత ఫోను చేశాను. "తమరి పేరు వాడుకుని తప్పించుకోవాలని చూశాడు సర్. కుర్రాళ్ళకి కోపం ఆగలేదు. అయిపోయింది" అన్నాడు. మళ్ళీ అడిగారా అన్నాను. "అడిగాం సర్. రెండోసారి నోరు విప్పలేదు" అన్నాడు.

నా పేరు చెప్పకుండా ఉంటే మిగతా ఖైదీలతో లారీ ఎక్కించేవారు. ఆ లారీ క్షేమంగానే చేరింది. ఆ ఖైదీలు ఇవాళ్టికీ ఉన్నారు.

ఎక్కడని అడిగాను. ఏటి ఒడ్డున అన్నాడు. వానాకాలంలో ఆ ఏటికి ఒడ్డు ఉండదు. ఆ తర్వాత మనుషుల్ని పంపి వెతికించాను. ఏమీ లేదు. వాడు ఎవరి పేరూ బయటపెట్టలేదు. సాధనకి చెప్పు.

నీకు తెలియనంత కాలం నీకు మైల లేదు, నీ ఇంట్లో దీపం వెలుగుతుంది, నువ్వు తింటావు. ఇదంతా నీ మంచికేనని నాకు నేను చెప్పుకున్నాను. నీ సంతోషం ఉత్తరం వచ్చిన రోజున నిజం రాయడానికి కూర్చుని, దాని బదులు మేజోళ్ళ గురించి రాశాను. అవి నా పెట్టెలో ఉన్నాయి.

క్షమించమని అడగను. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

ఇంద్రధ్వజ్


ధారాపానీ
2061, వైశాఖ్ 5

కాన్ఛా,

పేరు మొత్తం రాసి సంతకం చేశావు. నేను నిన్ను ఆ పేరుతో పిలవలేను, నోరు తిరగదు.

నీ ఉత్తరం చదివింది మీ బావగారు. చదవడం అయ్యాక కాగితం మడిచి, పొయ్యి దగ్గరకు వెళ్ళి, అన్నం కుండ దించి, నీళ్ళు పోసి పొయ్యి ఆర్పారు. అలా మొదలైంది.

శరీరం లేదు కనక కుశ గడ్డితో మనిషిని కట్టారు. కూర్చోబెడితే వాడి అంత కూడా లేడు, పుట్టినప్పటంత ఉన్నాడు. దాన్ని నా ఒళ్ళో ఒక్కసారి పెట్టమన్నాను. పురోహితుడు శాస్త్రం ఒప్పుకోదన్నాడు, పెట్టి అటు తిరిగాడు. మీ బావగారు గుండు చేయించుకుని, తెల్లబట్ట కట్టి, మూల కూర్చుని పదమూడు రోజులు చేశారు. కొడుకు చెయ్యాల్సింది తండ్రి చేశాడు. ఈ కొండల్లో ఇప్పుడు ఇదే ఆచారమైపోయింది.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు ఠూలీ వచ్చింది, కట్టెలు దించి వెళ్ళింది. తర్వాత సాధన వచ్చింది. తుపాకీ కంచె బయట వదిలి వచ్చింది. నీ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "అమ్మా, మేం కూడా వాణ్ణి కాదన్నాం" అంది. చిన్నపిల్ల కదా, నా భుజం మీద పడి ఏడ్చింది. బడి మైదానంలో అన్న మాటని బడి మైదానంలోనే వెనక్కి తీసుకుంది. ఇవాళ వాడు వాళ్ళకి అమరుడు. నాకు ఆ పదం అక్కరలేదు, ద్రోహి అన్న పదం పోయింది, చాలు.

నిన్ను తిట్టాలని చాలా అనుకున్నాను. పదమూడు రోజులూ మనసులో తిట్టాను. తిడుతుంటే మధ్యలో నా గొంతే నాకు వినిపించేది, "ఒక్కసారి చెప్పు, నా కోసం చెప్పు" అని. వాడు నా కోసమే చెప్పాడు కాన్ఛా. నీ పేరు వాడి నోట్లో పెట్టింది నేను. నీతో పాటు నేనూ ఉన్నాను ఇందులో. అది నీకు ఓదార్పు అనుకోకు.

పోయిన తిథి నువ్వు రాయలేదు, అది తెలియకపోతే విన్న రోజే తిథి అన్నారు. నీ ఉత్తరం వచ్చిన రోజే ఇక వాడి తిథి. ఆర్నెల్ల కిందటే చెప్పి ఉంటే వాడికి తన తిథి తనకు దక్కేది.

ఏం చెయ్యమంటే అది చేస్తానన్నావు. ఇదీ నేను అడిగేది. నలభై ఐదో రోజు కర్మకి నువ్వు రావాలి. ఆ రోజు మామ నీళ్ళు వదలాలి. యూనిఫాం వద్దు, బాడీగార్డులు వద్దు. సాధన మాటిచ్చింది, ఖాళీ చేతులతో వస్తే నిన్ను ఎవరూ ముట్టుకోరు. నీళ్ళు వదిలేముందు పురోహితుడు అడుగుతాడు, "పోయినవాడు నీకేమవుతాడు?" అని. ఊరంతా ఉంటుంది. మర్నాటికి నీ రాజధానికీ తెలుస్తుంది. నీ మిగిలిన ఒక్క మెట్టూ పోతుందని నాకు తెలుసు.

అయినా రా. ఆ ప్రశ్నకి జవాబు చెప్పు.

దిదీ


కాఠ్మాండూ
2061, వైశాఖ్ 27

దిదీ,

రేపు పొద్దున జిరీ బస్సు ఎక్కుతున్నాను. అక్కడి నుంచి నడిచి వస్తాను. అంబిక కూడా వస్తానంటోంది. అన్నీ చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ తన పెట్టెలోంచి తెల్ల చీర తీసి మడత పెట్టుకుంది.

సెలవు అడగడానికి నిన్న మా పైవారి గదికి వెళ్ళాను. మరో ఇద్దరు ఆఫీసర్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనిపించింది. ఆగలేదు.

"ఎందుకు సెలవు?" అన్నారు.

"మా మేనల్లుడి నలభై ఐదో రోజు."

"అయ్యో, ఎలా పోయాడు?"

"నా మేజరు ఫోను చేసి, వీడు మీవాడేనా అని అడిగాడు. కాదన్నాను. అలా పోయాడు."

ఆ ఇద్దరిలో ఒకాయన నా ముఖం చూడలేక గోడ మీది పటం చూశాడు. పైవారు కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టారు.

సెలవు ఇచ్చారు. ఎప్పుడు తిరిగి రావాలో చెప్పలేదు.

నీ
కాన్ఛా